మధుమేహ రోగి – రమజాన్ ఉపవాసం

రమజాన్ సమీపించేకొద్దీ మధుమేహ రోగి ఉన్న ముస్లిం ఇళ్ళలో ఏటా ఒక వాదన తలెత్తుతుంది. "ఈసారి రోజాలు వద్దు అమ్మీ" అంటాడు కొడుకు. "నలభై ఏళ్ళుగా ఒక్క రోజా విడవలేదు, ఇప్పుడు విడుస్తానా?" అంటుంది తల్లి. డాక్టరు వద్దంటాడేమోనన్న భయంతో కొందరు ఆ నెలలో ఆస్పత్రి ఛాయలకే పోరు. ఇంకొందరు వెళతారు గాని, ఉపవాసం ఉంటున్న సంగతి చెప్పరు. తెచ్చుకున్న మాత్రలను తమకు తోచిన వేళకు వేసుకుంటారు, లేదా నెల రోజులపాటు పూర్తిగా మానేస్తారు. మరోవైపు, ఉపవాసం ఉండగల శక్తి ఉండి కూడా "షుగరు ఉంది కదా" అన్న ఒక్క మాటతో నెలంతా వదిలేసేవారూ లేకపోలేదు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. తమ విషయంలో వైద్యం ఏమంటుందో, షరీఅత్ ఏమంటుందో విచారించకుండానే తీర్పు చెప్పుకుంటున్నారు.

ఇది నలుగురైదుగురి సమస్య కాదు. భారత వైద్య పరిశోధన మండలి అధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం మన దేశంలో మధుమేహ రోగుల సంఖ్యను 10.1 కోట్లుగా అంచనా వేసింది. ఇక ఉపవాసం విషయానికి వస్తే, 2001లో భారతదేశంతో సహా 13 ముస్లిం జనాభా గల దేశాలలో 12,243 మంది రోగులను విచారించిన ఒక పెద్ద పరిశీలన ఉంది. దాని ఫలితాలు 2004లో వెలువడ్డాయి. రెండవ రకం మధుమేహం ఉన్నవారిలో నూటికి 79 మంది, ఇన్సులిన్ తప్ప వేరే ఆధారం లేని మొదటి రకం వారిలో సైతం నూటికి 43 మంది, నెలలో కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నారు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆస్పత్రి పాలైన సంఘటనలు మిగతా నెలలకంటే మొదటి రకంలో 4.7 రెట్లు, రెండవ రకంలో 7.5 రెట్లు పెరిగాయి. అదే అధ్యయనంలో మరో అంకె కూడా ఉంది. అంతగా ప్రచారంలోకి రాలేదు గాని అసలు విషయం దానిలోనే ఉంది. రమజాన్ కోసం మందు మోతాదు మార్చుకున్నవారు మాత్రలు వాడేవారిలో సుమారు నాలుగింట ఒకవంతు, ఇన్సులిన్ వాడేవారిలో సుమారు మూడింట ఒకవంతు మాత్రమే. అంటే చాలామంది భోజన వేళలను పూర్తిగా తలక్రిందులు చేసుకుని, మందును మాత్రం పాత పద్ధతిలోనే వాడారన్నమాట.

సడలింపు ఎవరిచ్చినది?

రోగి మనసులో ఉండే బాధ వైద్యానికి సంబంధించినది కాదు. ఉపవాసం విడిస్తే తన ధర్మంలో లోటు ఏర్పడుతుందన్నదే ఆ బాధ. కనుక ముందుగా దీనిని చూడవలసి ఉంది.

ఉపవాసాలను విధిగా నిర్ణయించిన అల్‌బఖర సూరాలోని 184, 185 ఆయతులే రోగికీ, ప్రయాణీకునికీ మినహాయింపునిచ్చాయి. వదిలిన ఉపవాసాలను వేరే దినాలలో పూర్తి చేసుకోవచ్చునని చెప్పాయి. ఈ సడలింపు తర్వాతి కాలపు పండితులు జాలితో కల్పించినది కాదు. విధిని విధించిన చోటనే అది కూడా అవతరించింది. ఒకే ఆజ్ఞలో ఒక భాగాన్ని స్వీకరించి రెండవ భాగాన్ని తనకు తగనిదిగా భావించటానికి విశ్వాసికి ఆస్కారం లేదు.

హిజ్రీ 8వ సంవత్సరం రమజాన్ మాసంలో దైవప్రవక్త (సఅసం) మక్కాకు బయలుదేరారు. కురాఉల్ గమీమ్ అనే చోటికి చేరేసరికి ఉపవాసం ప్రజలకు భారంగా మారిందని ఆయనకు తెలియజేశారు. ఆయన అస్ర్ తర్వాత ఒక పాత్రలో నీరు తెప్పించి, అందరికీ కనబడేలా పైకెత్తి, త్రాగారు. ఆ తర్వాత కూడా కొందరు ఉపవాసం కొనసాగిస్తున్నారని తెలిసినప్పుడు వారిని మెచ్చుకోలేదు, అవిధేయులన్నారు. జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖనంగా ఇది సహీహ్ ముస్లింలో ఉంది. సూర్యాస్తమయం ఎంతో దూరం లేని వేళలో, అందరూ చూస్తుండగా నీరు త్రాగటంలో ఉన్న బోధను మధుమేహ రోగి జాగ్రత్తగా గమనించాలి.

అదే జాబిర్ (రజి) ఉల్లేఖించిన మరో సంఘటన సుననె అబూ దావూద్‌లో ఉంది. ఒక ప్రయాణంలో ఒకతనికి రాయి తగిలి తల పగిలింది. ఆ రాత్రి అతనికి స్నానం విధి అయ్యింది. తయమ్ముమ్‌కు తనకు అనుమతి ఉన్నదా అని తోటివారినడిగాడు. నీళ్ళు దొరుకుతున్నాయి కనుక లేదన్నారు వారు. అతను స్నానం చేసి మరణించాడు. సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) అతని చావుకు బాధ్యత ఆ తోటివారిపైనే మోపారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోలేదేమని నిలదీశారు. గాయపడినవాడు అడిగాడు, చెప్పినవారు మాత్రం తెలియకుండానే చెప్పారు. "ఏమీ కాదు, ఉండు, అల్లాహ్ చూసుకుంటాడు" అని రోగికి ధైర్యం చెప్పే బంధువులు ఈ హదీసును ఒకసారి చదవటం మంచిది.

దీర్ఘవ్యాధితో బ్రతికిన విశ్వాసి ఎలా ఉంటాడో తెలుసుకోవాలంటే హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) జీవితం చూడవచ్చు. ఖలీఫా ఉమర్ (రజి) ఆయనను ధర్మబోధ కోసం బస్రాకు పంపారు. ఆయనకు మూలవ్యాధి ఉండేది. నమాజు ఎలా చేయాలని దైవప్రవక్త (సఅసం)ను అడిగారు. నిలబడి చేయమనీ, చేతకాకపోతే కూర్చునీ, అదీ చేతకాకపోతే ప్రక్కకు ఒరిగి చేయమనీ సమాధానం లభించింది. ఈనాడు ప్రపంచంలో కుర్చీపైనో మంచంపైనో నమాజు చేస్తున్న ప్రతి రోగీ ఒక రోగి అడిగిన ఆ ప్రశ్న వల్ల మేలు పొందుతున్నవాడే. ఇమ్రాన్ (రజి) చివరి కాలంలో అనేక సంవత్సరాలు మంచంపట్టి, హిజ్రీ 52లో బస్రాలో మరణించారు. ఆయన విద్యకు గాని, గౌరవానికి గాని ఆ మంచం అడ్డు రాలేదు.

ఇక పుణ్యం తగ్గుతుందన్న దిగులు. మనిషి రోగగ్రస్తుడైనప్పుడు, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అతను చేస్తుండిన ఆచరణలన్నీ అతని పద్దులో ఎప్పటిలాగే వ్రాయబడతాయని అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. నలభై ఏళ్ళు రోజాలు పాటించిన తల్లికి నలభై ఒకటవ ఏడు ఏమీ పోదు.

శరీరంలో జరిగేదేమిటి?

మధుమేహం కొత్త వ్యాధి కాదు. మూత్రంలో తీపిని గుర్తించి ప్రాచీన భారత వైద్యులు పెట్టిన పేరే మనం ఇప్పటికీ వాడుతున్నాము. ఇబ్నె సీనా దీనిని తన అల్‌ఖానూన్‌లో వర్ణించారు. బాగ్దాద్‌లో జన్మించిన అబ్దుల్లతీఫ్ (1162-1231) దీనిపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించారు. అయితే 1922లో టొరంటోలో మొదటిసారి రోగికి ఇన్సులిన్ ఇచ్చేవరకు మొదటి రకం మధుమేహం సోకినవారు ఎక్కువ కాలం బ్రతకటం జరగలేదు. కాబట్టి ఇన్సులిన్ వాడుతూ ఉపవాసం ఉండవచ్చా అన్నది పూర్వపు ఫిఖహ్ గ్రంథాలలో నేరుగా కనబడని ప్రశ్న.

ఆరోగ్యవంతుడు సహరీ తిన్న కొన్ని గంటలకు ఆహారంలోని చక్కెర ఖర్చయిపోతుంది. అప్పుడు శరీరంలో ఇన్సులిన్ తగ్గుతుంది, దానికి ఎదురు పనిచేసే గ్లూకగాన్ పెరుగుతుంది. కాలేయం తాను దాచుకున్న చక్కెరను కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. ఆ తర్వాత కొవ్వు కరుగుతుంది. ఈ ఏర్పాటు వల్లనే హైదరాబాదులో శీతాకాలమైతే పన్నెండు గంటల పైచిలుకు, నడి వేసవిలో పదునాలుగున్నర గంటల దాకా సాగే ఉపవాసాన్ని అతను సులభంగా పూర్తి చేస్తాడు.

మధుమేహ రోగిలో ఈ ఏర్పాటు రెండు విధాల దెబ్బతింటుంది. మొదటి రకం రోగికి స్వంత ఇన్సులిన్ దాదాపు ఉండదు. సూది మానేస్తే చక్కెర పెరగటమే గాక కొవ్వు విపరీతంగా కరిగి రక్తం ఆమ్లమయమవుతుంది, ఇది ప్రాణాపాయం. సూది తీసుకుని ఆహారం మానితే చక్కెర పడిపోతుంది. రెండవ రకం రోగి సంగతి అతను వాడే మందుపై ఆధారపడి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర పడిపోవటం అరుదు. కాని గ్లిబెంక్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు కడుపులో అన్నం ఉందా లేదా అని చూడవు. ఇన్సులిన్‌ను బలవంతంగా విడుదల చేయిస్తూనే ఉంటాయి. ఉదయం వేసుకున్న అటువంటి మాత్ర మధ్యాహ్నం దాటాక, సరిగా ఇఫ్తార్‌కు ముందు గంటల్లో, మనిషిని పడవేస్తుంది. ఆ వేళకు వణుకు, చెమట, గుండె దడ, మాట తడబాటు కనిపిస్తే ఇంట్లోవారు "రోజా నీరసం" అనుకుని పడుకోబెడతారు. ఎన్నో ప్రమాదాలు ఈ "నీరసం" అన్న మాట వెనుకనే జరుగుతున్నాయి. రక్తపోటుకు బీటా బ్లాకర్ జాతి మాత్రలు వాడేవారిలో దడ, వణుకు వంటి హెచ్చరికలు సరిగా బయటపడవు కూడా.

రాత్రి వేళ దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరుగుతుంది. పగలంతా ఆగిన ఆకలి ఇఫ్తార్‌లో ఒక్కసారిగా తీరటంతో చక్కెర అమితంగా పెరుగుతుంది. దానికి తోడు వేసవిలో నీటి కొరత. మూత్రపిండాలు ఇప్పటికే బలహీనపడినవారికి ఇది చాలా చెరుపు.

ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండరాదు?

ఈ ప్రశ్నను వైద్యులు, ధర్మశాస్త్రవేత్తలు ఒకచోట కూర్చుని చర్చించారు. 2009 ఏప్రిల్‌లో షార్జాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 19వ సమావేశం రోగులను నాలుగు తరగతులుగా విభజించింది. హాని తప్పదని తేలిన వారు, హాని జరిగే అవకాశం హెచ్చుగా ఉన్నవారు మొదటి రెండు తరగతుల వారు. వారు ఉపవాసం మానటం ధర్మరీత్యా తప్పనిసరి అనీ, ఉండటం వారికి అనుమతించబడలేదనీ సమావేశం నిర్ణయించింది. ప్రమాదం మధ్యస్థంగానో, స్వల్పంగానో ఉన్న మిగిలిన రెండు తరగతుల వారికి కేవలం వ్యాధి పేరుతో ఉపవాసం మానే అనుమతి లేదన్నది. ఈ తీర్మానానికి రెండు వైపులా పదును ఉంది. "షుగరు ఉన్నా ఉంటాను" అనేవారికి ఎంత వర్తిస్తుందో, "షుగరు ఉంది కనుక ఉండను" అనేవారికీ అంతే వర్తిస్తుంది.

ఆ తర్వాత అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఇతరులతో కలిసి 2016లో వెలువరించి, 2021లో సవరించిన మార్గదర్శకాలు ఈ విభజనను మార్కుల పద్ధతిలోకి మార్చాయి. వ్యాధి ఏ రకం, ఎన్నేళ్ళుగా ఉంది, ఏ మందులు, చక్కెర పడిపోయిన చరిత్ర, మూత్రపిండాల స్థితి, గుండె జబ్బు, గర్భం, వయసు, చేసే పని, గత రమజాన్ అనుభవం మొదలైనవాటికి మార్కులు వేసి కూడుతారు. మూడు వరకు వస్తే ప్రమాదం స్వల్పం. ఆరు దాటితే ఎక్కువ. ఎండలో బరువులు మోసే హమాలీకీ, నీడపట్టున కూర్చుని లెక్కలు రాసే గుమాస్తాకూ ఒకే మాత్ర, ఒకే చక్కెర ఉన్నప్పటికీ ఫలితం ఒకటి కాకపోవచ్చు.

గత మూడు నెలల్లో చక్కెర పడిపోయి స్పృహ తప్పినవారు, పడిపోతున్న సంగతి తమకే తెలియనివారు, డయాలసిస్ చేయించుకుంటున్నవారు, ఇన్సులిన్ వాడుతున్న గర్భిణీలు ఉపవాసం తలపెట్టరాదు. దీనిలో వాదనకు తావు లేదు.

హనఫీ ఫిఖహ్ ప్రకారం వ్యాధి పెరుగుతుందన్న లేదా నయమవటం ఆలస్యమవుతుందన్న బలమైన నమ్మకం ఉంటే సడలింపు వర్తిస్తుంది. ఆ నమ్మకం రోగి స్వానుభవం వల్ల గాని, స్పష్టమైన లక్షణాల వల్ల గాని, నిపుణుడూ నమ్మదగినవాడూ అయిన ముస్లిం వైద్యుని మాట వల్ల గాని కలగవచ్చు. నేటి ముఫ్తీలలో పలువురు వైద్యుని నైపుణ్యాన్ని, నిజాయితీనే ప్రధానంగా చూస్తున్నారు. గమనించవలసింది ఏమంటే, పూర్వపు ధర్మశాస్త్రవేత్తలు ఈ నిర్ణయాన్ని రోగి ఇష్టానికి వదలలేదు, ఇమాముకూ వదలలేదు. వైద్యుణ్ణి సాక్షిగా పిలిచారు. సాక్షికి నిజం చెప్పకుండా దాచిన రోగి తీసుకున్న నిర్ణయానికి విలువేముంటుంది?

షాబాన్‌లో కాదు, రజబ్‌లోనే

ఉపవాసం ఉండదలచిన రోగి రమజాన్‌కు ఆరు నుండి ఎనిమిది వారాల ముందు డాక్టరును కలవాలి. అంటే రజబ్ నెలలోనే అన్నమాట. మూడు నెలల చక్కెర సగటును తెలిపే పరీక్ష, మూత్రపిండాల పరీక్ష అప్పుడు చేయించుకుంటే, లోపాన్ని సరిచేయటానికి వ్యవధి ఉంటుంది. నెలవంక చూసిన మర్నాడు వెళ్ళినవాడికి డాక్టరు చెప్పగలిగేది చాలా తక్కువ.

మందుల మార్పు డాక్టరు నిర్ణయించవలసినది. రోగి తానేమి అడగాలో తెలుసుకోవటానికి మాత్రం కొన్ని సంగతులు ఇక్కడ చెప్పవచ్చు. రోజుకు రెండుసార్లు వేసుకునే మెట్‌ఫార్మిన్‌ను సాధారణంగా ఇఫ్తార్‌కు ఒకటి, సహరీకి ఒకటిగా సర్దుతారు. మూడుపూటలా వేసుకునేవారి మధ్యాహ్నపు మోతాదును ఇఫ్తార్‌తో కలుపుతారు. రోజుకొకసారి వేసుకునే గ్లిమెపిరైడ్ వంటి మాత్రను ఉదయం నుండి ఇఫ్తార్‌కు మారుస్తారు; అవసరమైతే తగ్గిస్తారు. గ్లిబెంక్లమైడ్ వాడేవారికి వేరే మందు సూచించటం మంచిదని వైద్యుల అభిప్రాయం. రోజుకొకసారి తీసుకునే దీర్ఘకాలిక ఇన్సులిన్‌ను ఇఫ్తార్ వేళకు మార్చి, మోతాదును నూటికి 15 నుండి 30 వంతులు తగ్గించటం వాడుకలో ఉంది. రెండుపూటల ఇన్సులిన్ వాడేవారికి మామూలుగా ఉదయం తీసుకునే పెద్ద మోతాదు ఇఫ్తార్‌కు పోతుంది. రాత్రి మోతాదు సగమై సహరీకి వస్తుంది. మూత్రం ద్వారా చక్కెరను బయటకు పంపే గ్లిఫ్లోజిన్ జాతి మందులను రమజాన్ ముంగిట్లో కొత్తగా ప్రారంభించరు. వీటిలో ఏ ఒక్కటీ పొరుగింటి రోగిని చూసి చేసుకునే మార్పు కాదు.

ఇటువంటి ముందస్తు శిక్షణ వల్ల ప్రయోజనం ఉందా అనే అనుమానం కలగవచ్చు. లండన్‌లోని ముస్లిం రోగులపై జరిగి 2010లో ప్రచురితమైన ఒక పరిశీలన దీనికి సమాధానమిస్తుంది. రమజాన్‌కు ముందు శిక్షణ పొందిన వర్గంలో చక్కెర పడిపోయిన సంఘటనలు 9 నుండి 5కు తగ్గాయి. శిక్షణ లేని వర్గంలో అవి 9 నుండి 36కు పెరిగాయి. అది చిన్న పరిశీలనే. రెండు వర్గాలు కలిపి నూరుమందికి కొంచెం పైన. అయినా రెండు వర్గాలవారూ అదే నగరంలో, అదే నెలలో రమజాన్ గడిపినవారేనన్నది మరువరాదు.

సహరీ, ఇఫ్తార్

సహరీని వీలైనంత ఆలస్యంగా తినటం, ఇఫ్తార్‌ను ఆలస్యం చేయకపోవటం సున్నత్. మధుమేహ నిపుణులు చెప్పేదీ ఇదే. నిద్ర చెడుతుందని రాత్రి పన్నెండింటికే తినేసి పడుకునేవారు తమ ఉపవాసానికి నాలుగైదు గంటలు అదనంగా చేరుస్తున్నారు. ఇన్సులిన్ గాని, ఇన్సులిన్‌ను పెంచే మాత్రలు గాని వాడే రోగికి సహరీ లేని ఉపవాసం తగదు.

హైదరాబాదు ఇళ్ళలో సహరీకి పాలలో నానబెట్టిన ఫేనీ, చక్కెర వేసి తింటారు. అది గంటలోనే చక్కెరను పెంచి, పొద్దెక్కేసరికి ఆకలి మిగులుస్తుంది. ఖిచిడీ, ఖీమా, ఖట్టా అంతకంటే నయమే గాని, ఖిచిడీ తగ్గించి ఖీమా, పెరుగు పెంచుకోవాలి. జొన్నరొట్టె, పప్పు, గ్రుడ్డు, ఆకుకూర కలిస్తే నెమ్మదిగా అరిగి మధ్యాహ్నం దాకా నిలుస్తాయి. రాయలసీమ జిల్లాల్లో జొన్నరొట్టె, కొర్రన్నం అలవాటున్నవారికి ఇది కొత్త పాఠం కూడా కాదు.

ఇఫ్తార్‌లో ఖర్జూరం సున్నత్. ఒకటి గాని, చిన్నవైతే రెండు గాని తింటే చాలు; గిన్నె ఖాళీ చేయనవసరం లేదు. ఎర్రని షర్బత్‌లకు బదులు నీళ్ళు, ఉప్పు తక్కువ వేసిన మజ్జిగ త్రాగవచ్చు. మిర్చి బజ్జీలు, సమోసాలు, లుఖ్మీలు ఒక ఎత్తు; హలీం ఒక ఎత్తు. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన హైదరాబాదీ హలీం తీపి పదార్థం కాదు కనుక దానివల్ల ఏమీ కాదని రోగులు తమను తాము నమ్మించుకుంటారు. గోధుమలు, మాంసం, పప్పులు, నేయి కలిసిన అది స్వయంగా ఒక భోజనం. చిన్న గిన్నెడు హలీం తిన్న రాత్రి మళ్ళీ బిర్యానీ జోలికి పోకుంటే దానితో పేచీ లేదు. పేచీ అంతా హలీం తర్వాత వచ్చే భోజనంతోనే.

తరావీహ్ నమాజు శరీర శ్రమ క్రిందనే లెక్క. ఆ నెలలో వేరే నడక, వ్యాయామం పెట్టుకోనక్కరలేదు. ముఖ్యంగా అస్ర్ తర్వాత వద్దు. తరావీహ్‌కు వెళ్ళేటప్పుడు జేబులో గ్లూకోజు పొట్లం, చేతిలో నీళ్ళ సీసా ఉండాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఉజూ చేసిన ప్రతిసారీ వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకోవాలి. రోజుకు ఐదుసార్లు తన పాదాలను చూసుకునే అవకాశం నమాజు చేసే రోగికి ఉంది. దానిని వినియోగించుకున్నవాడు చిన్న పుండును పెద్దది కాకముందే పట్టుకుంటాడు.

పరీక్ష, విరమణ

వేలికొనను గుచ్చి చక్కెర చూసుకుంటే ఉపవాసం భంగమవుతుందన్న అపోహ ఇంకా ఉంది. 1997లో జిద్దాలో జరిగిన ఫిఖహ్ అకాడమీ 10వ సమావేశం, పరీక్ష కోసం రక్తం తీయటం వల్ల గాని, పోషకాహారం కాని సూదుల వల్ల గాని ఉపవాసం భంగం కాదని తీర్మానించింది. ఇన్సులిన్ సూది దీని క్రిందికే వస్తుంది. గ్లూకోజు ఎక్కించుకోవటం మాత్రం ఆహారమే కనుక దానితో ఉపవాసం చెల్లదని అదే తీర్మానం చెబుతుంది.

ఉదయం, మధ్యాహ్నం, అస్ర్ వేళ, ఇఫ్తార్‌కు ముందు, ఇఫ్తార్ తర్వాత రెండు గంటలకు చూసుకోవటం మంచిది. ప్రమాదం తక్కువగా ఉన్నవారికి రోజుకు ఒకటి రెండుసార్లు సరిపోవచ్చు. ఒంట్లో తేడాగా అనిపించినప్పుడు మాత్రం వేళతో నిమిత్తం లేదు. చక్కెర 70కి దిగినా, 300 దాటినా ఉపవాసం విరమించాలి. 70కి దిగితే మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని నీళ్ళలో కలుపుకుని త్రాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి. 300 దాటితే నీళ్ళు త్రాగి డాక్టరును సంప్రదించాలి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది అజాన్‌కు ఇరవై నిమిషాల ముందు. "ఇంకెంతసేపులే" అని కళ్ళు మూసుకుని కూర్చుంటారు. మెదడుకు చక్కెర అందని ఇరవై నిమిషాలు చాలా దీర్ఘమైనవి. ఆ స్థితిలో మనిషికి తన పరిస్థితి విషమిస్తున్నదని గ్రహించే శక్తే ముందు పోతుంది. కాబట్టి నిర్ణయం అప్పటికప్పుడు తీసుకోవటానికి వదిలిపెట్టకూడదు. ఏ అంకెకు విరమించాలో సహరీ వేళకే ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచాలి. ఆ అంకె కనిపించగానే గ్లాసు అందించే అధికారం ఆ మనిషికి ఇవ్వాలి, వాదించరాదు. ఈ విధంగా విరమించిన ఉపవాసానికి బదులు ఒక్క ఉపవాసం ఖజా చేస్తే చాలు, కఫ్ఫారా లేదు.

ఖజా, ఫిద్యా

ఇక్కడ ఒక తొందరపాటు సర్వసాధారణమైపోయింది. షుగరు అనగానే ముప్పై రోజుల ఫిద్యా లెక్కగట్టి పంచేసి, బాధ్యత తీరిందనుకుంటారు. ఫిద్యా అన్నది మళ్ళీ ఉపవాసం ఉండగలనన్న ఆశ లేని వృద్ధునికీ, దీర్ఘరోగికీ ఉద్దేశించినది. అటువంటివారు రోజుకొక పేదవానికి రెండుపూటలా భోజనం పెట్టాలి, లేదా హనఫీ మతానుసారం సదఖయె ఫిత్ర్ పరిమాణంలో ధాన్యం గాని దాని వెల గాని ఇవ్వాలి. వేసవి ఉపవాసం భరించలేనివాడు శీతాకాలపు పొట్టి పగళ్ళలో ఉండగలిగితే, అతనిపై ఖజా ఉన్నదేగాని ఫిద్యా లేదు. డిసెంబరులో పన్నెండు గంటల పైచిలుకు ఉపవాసం, అదీ రోజు విడిచి రోజు, ఎందరో రెండవ రకం రోగులకు డాక్టరు అనుమతితో సాధ్యమవుతుంది. ఖజా ఉపవాసాలు వరుసగానే ఉండాలన్న నియమం లేదు. ఫిద్యా ఇచ్చిన తర్వాత ఆరోగ్యం కుదుటపడినా ఖజా చేయవలసిందేనని హనఫీ పండితులు స్పష్టంగా చెప్పారు.

ఈద్ నాడు మరో జాగ్రత్త ఉంది. షీర్ ఖుర్మా గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. అది అందరికీ తెలిసినదే. చాలామంది మరచిపోయేది మందుల సంగతి. ఇఫ్తార్‌కు మార్చిన మోతాదులను తిరిగి మామూలు వేళలకు తేవాలి. తగ్గించిన ఇన్సులిన్‌ను అలాగే కొనసాగిస్తే షవ్వాల్ నెలంతా చక్కెర ఎక్కువగానే ఉండిపోతుంది. కనుక ఈద్ తర్వాత మొదటి వారంలోనే డాక్టరును మళ్ళీ కలవాలి. ఆ నెలలో చూసుకున్న అంకెలు, వదిలిన ఉపవాసాల సంఖ్య, ఏ రోజు ఎందుకు విరమించవలసి వచ్చిందీ ఒక కాగితంపై వ్రాసి తీసుకువెళ్ళాలి. శీతాకాలంలో ఖజాలకు ఎన్ని రోజులు కేటాయించుకోవచ్చో, వచ్చే రజబ్‌లో ఏమి మార్చవలసి ఉంటుందో ఆ కాగితాన్ని చూసి డాక్టరు చెప్పగలుగుతాడు.